సిజేరియన్ కాన్పు – వ్యయము, సన్నాహము

ఇంటిలో ఉయ్యాల ఊగవలెనని కోరని కుటుంబము ఉండదు. కాని ఆ సంతోషము వెంట ఒక లెక్క కూడ నడచి వచ్చును. ఆ లెక్కను ముందుగా వేసికొనని ఇండ్లలో పురుడు తీరకముందే అప్పు మొదలగుచున్నది. సిజేరియన్ శస్త్రచికిత్సకు ఏ ఏ పద్దుల క్రింద వ్యయమగును, దానిని భరించుటకు గల మార్గములెవ్వి అను విషయములను ఈ వ్యాసమున పరిశీలింపదలచితిమి. ఇది వైద్యుల కొరకు వ్రాసినది కాదు. ఇంటిలో చదువు వచ్చినవారుగా కాగితములు చదివి పెద్దలకు చెప్పవలసిన మన విద్యార్థినీ విద్యార్థుల కొరకు వ్రాసినది.

పూర్వ చరిత్ర

రోమను నాయకుడు జూలియస్ సీజరు ఈ విధముగా జన్మించుటచే ఈ పేరు వచ్చెనని లోకమున ఒక వాడుక కలదు. కాని సీజరు పెద్దవాడై యుద్ధములు చేయునాటికి కూడ ఆయన తల్లి జీవించియే యుండెను. ఆ కాలమున తల్లి కడుపు కోసి బిడ్డను తీసినచో తల్లి బ్రతుకుట దుర్లభము. కావున ‘కోయుట’ అను అర్థము గల లాటిన్ ధాతువే ఈ పేరునకు మూలమని పలువురు తలచుచున్నారు. 1882లో జర్మనీ దేశపు వైద్యుడు మాక్స్ సాంగర్ గర్భాశయమును కుట్టు విధానమును వివరించిన పిదపనే ఈ శస్త్రచికిత్స తల్లికి ప్రాణరక్షకము కాజొచ్చినది.

మన హైదరాబాదునకును ఈ చరిత్రతో సంబంధము కలదు. 1888, 1889 సంవత్సరములలో ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ ప్రోత్సాహముతో క్లోరోఫారం మత్తును గురించి పరిశోధనలు ఇచ్చటనే జరిగెను. తన పరిచారిక ప్రసవ సమయమున మరణించుటచే కలత చెందిన నీలోఫర్ రాజకుమారి పూనికతో నీలోఫర్ ఆసుపత్రి ఏర్పడి, 1953లో ప్రజలకు అందుబాటులోనికి వచ్చినది. ప్రసవమున తల్లి మరణింపరాదు అను తలంపు మన నగరమునకు క్రొత్తది కాదని దీనివలన తెలియుచున్నది.

అవసరమెప్పుడు?

మాయ గర్భద్వారమునకు అడ్డుపడినపుడు, శిశువు అడ్డముగా తిరిగినపుడు, నొప్పులు ఎంతసేపు వచ్చినను కాన్పు సాగనపుడు, శిశువు గుండె చప్పుడు తగ్గినపుడు, తల్లికి రక్తపోటు మిక్కిలి హెచ్చి ప్రమాదమేర్పడినపుడు శస్త్రచికిత్స తప్పనిసరి కావచ్చును. అట్టి సమయమున డబ్బు కొరకు ఒక గంట ఆలస్యము చేయుట కూడ తగదు.

కాని జరుగుచున్న శస్త్రచికిత్సలన్నియు ఇట్టివి కావు. 1985లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నూటికి 10 నుండి 15 వరకు మించి సిజేరియన్లు జరుగుటకు సమర్థన లేదని ప్రకటించెను. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము దేశమంతట నూటికి 21.5, ఆంధ్రప్రదేశ్‌లో 42.4, తెలంగాణలో 60.7 కాన్పులు ఈ విధముగా జరిగినవి. తెలంగాణలో ప్రైవేటు ఆసుపత్రుల వరకే చూచినచో ఆ సంఖ్య 81.5. ముహూర్తము చూచి కోరుట, నొప్పులకు భయపడుట, తొలి కాన్పు ఆపరేషను అయినందున మలి కాన్పును అట్లే చేయించుట, ఆసుపత్రుల ఆదాయము – ఇవన్నియు ఇందుకు కారణములుగా చెప్పబడుచున్నవి. కనుక ‘ఆపరేషను ఎందులకు?’ అని నెమ్మదిగా, మర్యాదగా అడిగి తెలిసికొనుట మన కర్తవ్యము. అది వైద్యుని శంకించుట కాదు.

ఒక ఇంటి లెక్క

మా తరగతి సోదరి యొకతె ఇంటిలో జరిగిన విషయమును ఆమె అనుమతితో ఇచ్చట చెప్పుచున్నాము. ఆమె అక్కకు రాత్రివేళ నొప్పులు వచ్చినవి. ఆటోలో సమీపమున నున్న ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసికొనిపోయిరి. ఆపరేషను అవసరమని, మొత్తము రుసుము 60,000 రూపాయలని చెప్పిరి. తండ్రి సంతకము చేసెను. తల్లీబిడ్డలు క్షేమముగా నున్నారు. అయిదవ నాడు బిల్లు వచ్చినది. రుసుము 60,000, మందులు 11,500, రక్తము, పరీక్షలు 4,500, శిశువును రెండు దినములు ప్రత్యేక విభాగమున నుంచినందులకు 16,000. వెరసి 92,000 రూపాయలు. 60,000లో ఏవి చేరియున్నవి, ఏవి చేరలేదు అని మొదటి రాత్రి ఎవరును అడుగలేదు.

ఇంటిలో నున్నది 20,000. తక్కిన 72,000 కొరకు అమ్మీజాన్ గాజులు కుదువపెట్టి, నూటికి నెలకు 3 రూపాయల వడ్డీకి తెచ్చిరి. మూడు రూపాయలు అనగా చిన్నమాటగా తోచును. కాని నెలకు 2,160, సంవత్సరమునకు 25,920 రూపాయలు వడ్డీయే అగును, అసలు తరుగదు. అదే బంగారమును బ్యాంకులో నుంచి, సంవత్సరమునకు నూటికి 10 వంతున తెచ్చినచో వడ్డీ 7,200 మాత్రమే. భేదము 18,720 రూపాయలు. ఆ సంవత్సరమే మా సోదరి పరీక్ష రుసుము కట్టలేక, చదువు మానివేయుదునని చెప్పినది. అక్క కాన్పునకును చెల్లెలి చదువునకును సంబంధమేమని అడుగువారికి ఈ లెక్కయే సమాధానము.

వ్యయము ఎచ్చటెచ్చట?

పై ఉదాహరణ వలన వ్యయమును మూడు భాగములుగా గ్రహింపవచ్చును. మొదటిది ఆసుపత్రికి చెల్లించునది: శస్త్రవైద్యుని రుసుము, మత్తు వైద్యుని రుసుము, ఆపరేషను గది, పడక లేక గది అద్దె, మందులు, పరీక్షలు, రక్తము. రెండవది శిశువునకు సంబంధించినది: శిశువైద్యుడు, అవసరమైనచో ప్రత్యేక సంరక్షణ. ముందుగా చెప్పు మొత్తములో తరచుగా చేరనిది ఇదియే. మూడవది బిల్లులో కనబడనిది: రాకపోకలు, తోడుండువారి భోజనము, పని మానినందున పోయిన కూలి, ఇంటికి వచ్చిన తరువాత కొన్ని వారముల విశ్రాంతి.

మార్గములు

మొదటి మార్గము ప్రభుత్వ ఆసుపత్రి. 2011 జూన్ 1వ తేదీన ప్రారంభమైన జననీ శిశు సురక్షా కార్యక్రమము క్రింద ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు ఉచితము. సిజేరియన్ కూడ ఉచితమే. మందులు, పరీక్షలు, రక్తము, ఆపరేషను అయినవారికి 7 దినముల వరకు ఆహారము, ఇంటి నుండి ఆసుపత్రికి, తిరిగి ఇంటికి వాహనము ఇందులో చేరియున్నవి. రోగగ్రస్తులైన శిశువుల చికిత్సయును ఉచితమే. ఇది దానము కాదు, హక్కు. నగరమున పేట్లబుర్జు, సుల్తాన్ బజారు ప్రసూతి ఆసుపత్రులు ఇందుకు ప్రసిద్ధములు. ‘అచ్చట రద్దీ ఎక్కువ’ అను మాట నిజమే. అందులకే నొప్పులు వచ్చిన రాత్రి గాక, తొలి నెలలలోనే పేరు నమోదు చేయించుకొని, పరీక్షల కాగితములన్నియు ఒక సంచిలో భద్రపరచవలెను.

రెండవ మార్గము ఉద్యోగ భద్రత. కార్మిక రాజ్య బీమా, అనగా ఇ.ఎస్.ఐ., వర్తించు కర్మాగారములలో, దుకాణములలో పనిచేయు స్త్రీలకు ఆసుపత్రి సదుపాయముతో పాటు, నిర్ణీత దినములు చందా చెల్లించియున్నచో 26 వారముల వేతన ప్రయోజనము కూడ లభించును. భర్త బీమా పొందినవాడైనచో భార్యకు వైద్యము లభించును. ఈ కార్డు ఇంటిలో నుండియు ఉపయోగము తెలియనివారు పలువురు.

మూడవది ఆరోగ్య బీమా. సొంతముగా కొనిన పాలసీలలో ప్రసూతి ఖర్చునకు సాధారణముగా 9 నెలల నుండి 4 సంవత్సరముల వరకు నిరీక్షణ కాలముండును. చెల్లించు మొత్తమునకు పరిమితియు నుండును. గర్భము ధరించిన పిదప కొనిన పాలసీ ఆ కాన్పునకు ఉపకరింపదు. కావున బీమా విషయము నిఖా లేక వివాహము నాడే ఆలోచింపవలసినది.

నాల్గవది పొదుపు. మూడవ నెల నుండి నెలకు 2,000 చొప్పున దాచినచో తొమ్మిదవ నెల నాటికి 14,000 రూపాయలగును. మన బస్తీలలో స్త్రీలు నడుపు ‘కమిటీ’ చీటీలును మంచివే. కాని తొమ్మిదవ నెలలో చీటీ తమకు వచ్చునట్లు ముందే మాట తీసికొనవలెను. రిజిస్టరు కాని చీటీ కేవలము నమ్మకముపై నడచునది గనుక ఉన్నదంతయు అందులో నుంచరాదు.

అయిదవది, తప్పనిసరియైనచో ఋణము. బంధువులు, మసీదు కమిటీలు, సంఘములు ఇచ్చు వడ్డీలేని కర్జె హసనా మొదటిది. బ్యాంకులో బంగారముపై ఋణము పిదపది. వడ్డీ వ్యాపారి గడప కట్టకడపటిది.

ఏడవ నెలలో చేయవలసిన పని

ఏడవ నెలలో ఒక సాయంత్రము ఇంటిల్లిపాది కూర్చుండి నాలుగు విషయములు నిశ్చయించుకొనవలెను: ఏ ఆసుపత్రి, ఏ వాహనము, ఎంత ధనము, ఎవరు తోడు. గర్భిణిని కూడ ఆ మాటలలో కూర్చుండబెట్టవలెను, శరీరము ఆమెది. ప్రైవేటు ఆసుపత్రియే అయినచో మొత్తములో చేరిన పద్దులను కాగితముపై వ్రాయించుకొనవలెను. జాతీయ మానవ హక్కుల సంఘము 2018లో రూపొందించిన రోగుల హక్కుల పత్రములో రుసుములు ముందుగా తెలిసికొను హక్కు, పద్దుల వారీగా బిల్లు పొందు హక్కు చేర్చబడినవి.

కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపములు రెండు. పైన చెప్పిన హక్కులను ఉర్దూ, తెలుగు భాషలలో ఒకే పుటపై ముద్రించి విద్యార్థులకు పంచవలెను; వారు దానిని ఇండ్లకు కొనిపోయి చదివి వినిపింపగలరు. ఇట్టి కష్టములలో పరీక్ష రుసుము కట్టలేని వారికి వడ్డీలేని చిన్న నిధి నొకదానిని ఏర్పరుపవలెను. మా సోదరి రుసుమును ఆ యేడు అధ్యాపకులు తలా కొంత వేసికొని చెల్లించిరి. ఆమె పరీక్ష వ్రాసి ఉత్తీర్ణురాలైనది. గాజులు మాత్రము ఇంకను విడిపింపబడలేదు.