పాఠం 11: సంగ్రహణి వ్యాధి – ఫోలిక్ ఆమ్లం

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తర్వాత మీరు: చిన్నపేగు చేసే పనిని వివరించగలుగుతారు, సంగ్రహణికి మందు ఎలా దొరికిందో చెప్పగలుగుతారు, విరేచనాలు ఎప్పుడు డాక్టరుకు చూపించుకోవాలో గుర్తించగలుగుతారు.

11.1 చిన్నపేగు – చూషకాలు

మనం తిన్న ఆహారం జీర్ణాశయం నుంచి చిన్నపేగులోకి వస్తుంది. దీని పొడవు సుమారు 6 మీటర్లు. ఒక టర్కీ తువాలును చేత్తో తడిమి చూడండి. దాని మీద నూలు పోగులు లేచి ఉంటాయి కదా! అందుకే అది మామూలు గుడ్డకన్నా ఎక్కువ నీటిని పీల్చుకుంటుంది. చిన్నపేగు లోపలి గోడ కూడా అలాగే ఉంటుంది. అక్కడ లేచి ఉన్న సన్నని మొలకలను చూషకాలు అంటారు. జీర్ణమైన ఆహారాన్ని పీల్చి రక్తంలోకి పంపేవి ఇవే.

కొందరిలో ఈ చూషకాలు పొట్టివై, చదునుగా మారతాయి. తువాలు అరిగిపోయినట్లన్నమాట. అప్పుడు తిన్నది ఒంటబట్టదు. కొవ్వు విరిగి రక్తంలో చేరక మలంతో బయటికి పోతుంది. మలం పాలిపోయి, జిడ్డుగా, దుర్వాసనతో ఉంటుంది. విరేచనాలు వారాలు, నెలల తరబడి సాగుతాయి. బరువు తగ్గుతుంది. నాలుక ఎర్రబడి మండుతుంది. రక్తహీనత వస్తుంది. ఉష్ణదేశాల్లో కనిపించే ఇటువంటి వ్యాధిని డాక్టర్లు ట్రాపికల్ స్ప్రూ అంటారు. ఆయుర్వేదంలో చెప్పే గ్రహణి, సంగ్రహణి లక్షణాలు దీనికి దగ్గరగా ఉంటాయి. ఈ పాఠంలో సంగ్రహణి అనే మాటను ఈ వ్యాధికే వాడుతున్నాం.

11.2 భీమవరం నుంచి బోస్టన్‌కు

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మెట్రిక్యులేషన్ మూడోసారి గానీ గట్టెక్కలేదు. (చదువు మధ్యలో ఆగిన మీరు ఈ వాక్యాన్ని ఇంకోసారి చదువుకోవచ్చు.) తర్వాత మద్రాసు వైద్య కళాశాలలో చదివారు.

ఆయన సోదరులు ఇద్దరు సంగ్రహణితో కొద్ది రోజుల తేడాలో చనిపోయారు. ఆయనకూ అదే వ్యాధి వచ్చింది. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి చేసిన ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నారు. కానీ ఆ వ్యాధి ఎందుకు వస్తుందో, ఏది తగ్గిస్తుందో ఖచ్చితంగా చెప్పగలవారు ఆనాడు లేరు. 1922లో ఆయన ఉష్ణమండల వైద్యం చదవడానికి అమెరికాలోని బోస్టన్ చేరారు. ఖర్చులకోసం ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేసే పని చేశారు. హార్వర్డ్‌లో ఆయన చేసిన పరిశోధనలు గొప్పవే అయినా అవి కండరాల శక్తికి సంబంధించినవి. పేగు వ్యాధికి దగ్గరి పని 1940లో లెడర్లే ప్రయోగశాలకు మారిన తర్వాతే సాధ్యమైంది.

11.3 బొంబాయి మిల్లు కార్మికుల నుంచి వచ్చిన ఆధారం

ఈలోగా మన దేశంలోనే ఒక ఆధారం దొరికింది. లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలో పేద గర్భిణులను పరీక్షించారు. వారిలో బట్టల మిల్లుల్లో పనిచేసేవారూ ఉన్నారు. వారి రక్తంలో ఎర్రకణాలు తక్కువగానూ, మామూలుకన్నా పెద్దవిగానూ కనిపించాయి. చౌకగా దొరికే ఈస్ట్ సారం ఇస్తే వారు కోలుకున్నారని ఆమె 1931లో ప్రకటించారు. ఈస్ట్‌లో ఏదో ఉంది. ఏమిటది?

1941లో అమెరికాలో కొందరు శాస్త్రజ్ఞులు టన్నులకొద్దీ పాలకూర నుంచి ఒక పదార్థాన్ని వేరుచేశారు. లాటిన్‌లో ఆకును ఫోలియం అంటారు. అందుకని దానికి ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. లెడర్లేలో సుబ్బారావు బృందం కాలేయం నుంచి దీన్ని వెతికింది. కంటికి కనిపించని పదార్థం ఎంత ఉందో తెలుసుకోవడం ఎలా? ఇది లేకపోతే పెరగలేని ఒక సూక్ష్మజీవిని వాడారు. అది పాలను పెరుగుచేసే సూక్ష్మజీవుల తెగకు చెందినదే. అది బాగా పెరిగితే పదార్థం ఉన్నట్లు, పెరగకపోతే లేనట్లు. 1945లో ఈ బృందం ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలోనే తయారుచేసింది. టామ్ స్పీస్ అనే డాక్టరు దీన్ని క్యూబా, ప్యూర్టోరికో ప్రాంతాల్లోని సంగ్రహణి రోగులకు ఇచ్చి చూశారు. వారికి ఆకలి పుట్టింది, రక్తం పెరిగింది.

మరి ఆకుకూరలు తింటే సరిపోదా? ఆరోగ్యవంతులకు సరిపోవచ్చు. పేగు గోడ కణాలు కొద్ది రోజులకే రాలిపోతాయి, వాటి స్థానంలో కొత్తవి పుడతాయి. ఇందుకు ఫోలిక్ ఆమ్లం కావాలి. పేగు చెడితే అది ఒంటబట్టదు. అది ఒంటబట్టకపోతే పేగు బాగుపడదు. మాత్ర రూపంలో ఎక్కువ మోతాదు ఇస్తేనే ఈ చక్రం తెగుతుంది.

ఈ చికిత్సలో వాడే రెండో మందు టెట్రాసైక్లిన్. ఈ జాతి మందుల్లో మొదటిదైన ఆరియోమైసిన్ కూడా సుబ్బారావు పరిశోధనకు నాయకత్వం వహించిన లెడర్లేలోనే బెంజమిన్ డగ్గర్‌కు దొరికింది. 1948లో దాన్ని ప్రకటించారు. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు. స్వదేశానికి ఆయన తిరిగి రాలేదు.

పాఠ్యాంతర ప్రశ్న: ఈస్ట్ సారంతో కోలుకున్నవారిని చూసి లూసీ విల్స్ ఏమి ఊహించి ఉంటారు?

11.4 ఇంకా తెలియని కారణం

1960 తర్వాత తమిళనాడులోని ఉత్తర ఆర్కాటు గ్రామాల్లో సంగ్రహణి గుంపుగా వ్యాపించింది. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో బేకర్, మథన్ మొదలైనవారు దాన్ని ఏళ్లపాటు పరిశీలించారు. సూక్ష్మజీవుల ప్రమేయం ఉందని అనుమానం బలపడింది గానీ ఫలానా క్రిమి అని నేటికీ తేల్చలేదు. మందు ముందు దొరికి, కారణం దొరకని వ్యాధి ఇది.

గోధుమలు పడక వచ్చే సీలియాక్ వ్యాధిలో కూడా చూషకాలు ఇలాగే అరుగుతాయి. దానికి మందు వేరు: జీవితాంతం గోధుమలు, బార్లీ మానడం. కాబట్టి రెండింటినీ వేరుచేసి చూడాలి. పరీక్షకు ముందే సొంతంగా రొట్టెలు మానకండి. మానితే రక్తపరీక్షలో వ్యాధి బయటపడకపోవచ్చు.

ఇంకొక జాగ్రత్త. విటమిన్ బి12 లోపించినవారు ఫోలిక్ ఆమ్లం ఒక్కటే మింగితే రక్తం బాగుపడినట్లే కనిపిస్తుంది, లోపల నరాలు మాత్రం చెడుతూ ఉంటాయి. టెట్రాసైక్లిన్‌ను గర్భిణులకు, చిన్నపిల్లలకు ఇవ్వరు. ఈ మందులు ఎన్ని నెలలు, ఎంత మోతాదు అనేది డాక్టరే నిర్ణయించాలి. మందుల షాపులో అడిగి తెచ్చుకోవడం తగదు.

11.5 డాక్టరుకు ఏమి చెప్పాలి?

విరేచనాలు రెండు వారాలు దాటినా, బరువు తగ్గినా, మలంలో రక్తం పడినా ఆలస్యం చేయవద్దు. ఎన్నాళ్లనుంచి, రోజుకు ఎన్నిసార్లు, మలం జిడ్డుగా ఉందా, నాలుక మండుతోందా – ఇవి ముందే కాగితం మీద రాసుకోండి. సూరత్‌లో ఆల్థాన్ వంటి పేటల్లో ఉండే మన అభ్యాసకులు ఒక గుజరాతీ మాట తెలుసుకుంటే మేలు: అక్కడ విరేచనాలను ఝాడా అంటారు. సిగ్గుపడి కడుపునొప్పి అని మాత్రమే చెబితే డాక్టరు వేరే దారిలో వెతుకుతారు.

కృత్యం

మీకు దగ్గరలోని అంగన్‌వాడీలో లేదా ఆరోగ్య కేంద్రంలో గర్భిణులకు ఇచ్చే మాత్రల అట్టను అడిగి చూడండి. ఒక్కో మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. మీ ఇంట్లోగానీ ఇరుగుపొరుగులోగానీ వాటిని తీసుకున్నవారు ఉంటే, ఎన్ని రోజులు వాడారో, మానేస్తే ఎందుకు మానారో అడిగి ఐదు వాక్యాలు రాయండి.