చిగుళ్ల కింద కాపురం

చిరంజీవి శ్రావ్యకు ఆశీస్సులు.

చిగుళ్ల జబ్బు బాక్టీరియా వల్లే వస్తుందని పుస్తకంలో ఉంటే, వాటిని చంపే మందు ఇచ్చి ఊరుకోవచ్చు కదా అని రాశావు. బీడీఎస్ మొదటి ఏడాదిలోనే నీకీ ప్రశ్న తట్టినందుకు సంతోషం. క్షయ, కలరా గురించి చదివిన అలవాటుతో, జబ్బు అనగానే బయటినుంచి చొరబడిన ఒక క్రిమి కోసం వెతుకుతాం. చిగుళ్ల దగ్గర ఆ లెక్క కుదరదు. మనుషుల నోళ్లలో ఇప్పటికి 700కు పైగా బాక్టీరియా జాతుల్ని గుర్తించారు. వాటిలో చాలా భాగం మనకు ఏ కీడూ చేయకుండా బతికేవే. పంటి మొదట్లో పాచి పేరుకుని, రోజుల తరబడి ఎవరూ కదపకపోతే ఆ సమూహం తీరే మారిపోతుంది. జబ్బుకు మూలం ఆ మార్పు. అందుకే ఆ కాపురాన్ని రోజూ చెదరగొట్టడమే అసలు వైద్యమంటాను.

దీనికి గట్టి సాక్ష్యం 1965లో వచ్చింది. డెన్మార్క్‌లోని ఆర్హుస్‌లో హారాల్డ్ లో అనే పరిశోధకుడు, ఆయన సహచరులు చిగుళ్లు బాగున్న 12 మందిని పళ్లు తోముకోవడం మానమన్నారు. 10 నుంచి 21 రోజుల లోపల అందరికీ చిగుళ్లు వాచాయి. వాళ్లకు ఎవరూ కొత్త క్రిమిని ఎక్కించలేదు. పాచిని సూక్ష్మదర్శినిలో చూస్తే మొదట గుండ్రటి కణాలు, తర్వాత దారాల్లాంటివి, చివరికి మెలికలు తిరిగే స్పైరోకీట్లు కనిపించాయి. మళ్లీ శుభ్రంగా తోముకోవడం మొదలుపెట్టాక దాదాపు వారంలో చిగుళ్లు మామూలయ్యాయి. కారణాన్ని ఇంత సూటిగా చూపించిన ప్రయోగాలు అరుదు.

వాపు దగ్గరే ఆగితే చిగురు మళ్లీ కోలుకుంటుంది. ఎముక కరిగే దశకు వెళ్తే, పోయినదంతా తిరిగి రాదు. ఈ రెంటి మధ్య జరిగేది నిదానంగా అర్థం చేసుకో. వాపు ముదిరేకొద్దీ పంటికీ చిగురుకూ మధ్య సందు లోతవుతుంది. లోతున ఆక్సిజన్ తక్కువ. ఆక్సిజన్ గిట్టని జాతులకు అదే అనువు. వాచిన చిగురు నుంచి ఊరే ద్రవంలో ప్రొటీన్లు, రక్తంలోని ఇనుము ఉంటాయి. పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్ అనే బాక్టీరియా చక్కెర మీద ఆధారపడదు, దానికి కావలసినవి సరిగ్గా ఇవే. అంటే మన శరీరం పోరాడుతూ కార్చేదే దానికి తిండి. దాన్ని తుడిచిపెట్టలేని తెల్లరక్తకణాలు ఇంకా ఇంకా పోగవుతాయి. చివరికి ఎముకను కరిగించేవి కూడా మన కణాలే. అయితే ఆ ఒక్క బాక్టీరియానే దోషిగా పట్టుకోవచ్చుగా అంటావేమో. 2011లో చిట్టెలుకలపై జరిగిన ప్రయోగమే దానికి జవాబు. మామూలు ఎలుకల నోట్లో అది అతి కొద్ది సంఖ్యలో చేరినా ఎముక తగ్గింది. ఏ సూక్ష్మజీవీ లేకుండా పెంచిన ఎలుకల్లో అదొక్కటే ఉన్నప్పుడు తగ్గలేదు. తోటి జీవులు లేకపోతే దాని ఆట సాగదు.

ఇక మందుల మాట. డెల్ఫ్ట్‌లో ఉండే సూక్ష్మదర్శిని పరిశోధకుడు లీవెన్‌హుక్ 1683లో లండన్ రాయల్ సొసైటీకి రాసిన ఉత్తరంలో, తన పళ్ల సందుల్లోని తెల్లటి పాచిలో కదలాడే జీవుల్ని వర్ణించాడు. ఘాటైన వెనిగర్‌తో పుక్కిలించినా అవన్నీ చావలేదు. బయటికి తీసి వెనిగర్ కలిపితే వెంటనే చచ్చాయి. పాచి లోపలికి వెనిగర్ దిగలేదని ఆయన సరిగ్గానే ఊహించాడు. నేటి మౌత్‌వాష్‌కూ, చాలావరకు యాంటీబయాటిక్‌కూ అడ్డుపడేది బాక్టీరియా అల్లుకున్న ఆ జిగట పొరే. బాగా ముదిరిన కొన్ని కేసుల్లో యాంటీబయాటిక్ పనికొస్తుంది, అదీ లోతుగా శుభ్రం చేయడంతో పాటు ఇచ్చినప్పుడు.

తోమనివాళ్లందరి పళ్లూ ఊడటం లేదు కదా అన్నది ఇంకా బలమైన అభ్యంతరం. శ్రీలంక తేయాకు తోటల్లో 480 మంది కార్మికుల్ని 1970 నుంచి 15 ఏళ్లపాటు గమనించారు. బ్రష్షూ దంతవైద్యమూ ఎరగని ఆ మనుషుల్లో 8 శాతానికి జబ్బు వేగంగా ముదిరింది, 81 శాతానికి ఓ మోస్తరుగా, 11 శాతానికి చిగుళ్ల వాపు దాటి పోనేలేదు. (వాళ్లకు వైద్యం అందకపోవడం అన్యాయం, ఆ అంకెలు చదివేటప్పుడు అది మరవకు.) దీంతో నా వాదం కూలదు. పాచి ఒకేలా ఉన్నా, దానికి శరీరం స్పందించే తీరు మనిషి మనిషికీ వేరని తెలుస్తుంది. పొగతాగడం, అదుపులో లేని షుగర్ ఆ స్పందనను మరింత చెడగొడతాయి.

రేపు నీ దగ్గరికి వచ్చేవాళ్లు, క్లీనింగ్ చేయిస్తే పళ్లు కదులుతాయంటారు. గార తీశాక కదిలే పంటికి ఎముక ముందే పోయింది; అంతదాకా గారే దాన్ని పట్టి ఉంచింది. రక్తం వస్తోందని బ్రష్ మానేశామంటారు. సాధారణంగా రక్తం వచ్చేది పాచి మిగిలిన చోటే, కాబట్టి మెత్తటి బ్రష్‌తో అక్కడే శ్రద్ధగా తోమమను. పొగతాగేవాళ్ల విషయంలో మాత్రం జాగ్రత్త: జబ్బున్నా వాళ్ల చిగుళ్లు పెద్దగా రక్తం కార్చవు. బాగానే ఉందన్న వాళ్ల మాటతో వదిలేయకుండా ప్రోబ్‌తో ప్రతి పంటి చుట్టూ లోతు కొలువు. 3 మిల్లీమీటర్ల దాకా మామూలే. 4 గానీ అంతకు మించి గానీ ఉంటే ఎక్స్‌రే తీయించి ఎముక చూడు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న