సంత ధర ఎక్కడ తేలుతుంది? అరకు కాఫీ, కె.కె. లైను చెప్పే లెక్క

న్యూయార్కులో అరబికా ప్రియమైన రోజున అరకు సంతలోనూ ప్రియం కావాలి. లెక్క ప్రకారం కావలసిందే. అయితే గిరిజన రైతు సంతలో గోనె విప్పేసరికి ఆ ప్రియంలో ఎంత మిగిలి ఉంటుంది, మిగిలినది ఎవరి చేతికి చేరుతుంది అన్నది వేరే లెక్క. సరకు కొనే ప్రతి వర్తకుడూ ఒకసారి కాగితం మీద వేసి చూసుకోదగినది.

ముందుగా రైలు సంగతి. లోయ గుండా బ్రాడ్‌గేజి లైను పోతున్నది కనుక రవాణాకు లోటుండదని మైదానంలో చాలామంది అనుకుంటారు. కొత్తవలస–కిరండూల్ లైను, వాడుకలో కె.కె. లైను, 1960వ దశకంలో వేసింది కాఫీ కోసం కాదు, పసుపు కోసమూ కాదు. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దింపి జపాను ఉక్కు మిల్లులకు పంపడానికి. 1960లో జపానుతో ఒప్పందం కుదిరిన తరువాతే కొండలు తొలిచారు. యాభైకి పైగా సొరంగాలు, దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున శిమిలిగుడ స్టేషను. 1976లో విశాఖ ఔటర్ హార్బరు తెరిచింది కూడా పెద్ద ఖనిజ ఓడల కోసమే. దేశానికి విదేశీ మారకం సంపాదించి పెట్టిన లైను, సందేహం లేదు.

అరకు గోనెకు ఆ లైను ఎందుకు అక్కరకు రాలేదంటే, రైల్వేల కిరాయి విధానమే కారణం. ఖనిజం ఒక్క రేకులో సుమారు మూడున్నర వేల టన్నులు దిగుతుంది. ఒకచోట ఎక్కించి ఒకచోట దించితే చాలు. కాఫీ అలా కాదు. ఎకరం, రెండెకరాల తోటల నుంచి ఇరవై, ముప్పై కిలోల చొప్పున వస్తుంది. 1980వ దశకం నుంచి రైల్వేలు చిల్లర బుకింగులు తగ్గించి నిండు రేకుల వైపే మొగ్గాయి. ఇక గోనె రైలెక్కే వీలెక్కడ? 2017లో విశాఖ–అరకు రైలుకు అద్దాల పెట్టె తగిలించాక పర్యాటకుల సందడి హెచ్చింది. హోటళ్లకు మంచిదే, సరకు కిరాయికి మాత్రం దానితో నిమిత్తం లేదు. అన్నట్టు, ఖనిజానికి రైలు కూడా చాలక కిరండూల్ నుంచి విశాఖకు సుమారు 267 కిలోమీటర్ల గొట్టం వేసి, పొడిని నీళ్లలో కలిపి పంపుతున్నారు.

కాబట్టి కొండ సరకు లారీ మీదే దిగాలి. అరకు వైపుది అనంతగిరి ఘాటు మీదుగా శృంగవరపుకోటకు, పాడేరు వైపుది మాడుగుల, చోడవరం దారిన. అంతకు ముందు తోట నుంచి సంత దాకా తలమోత, కావిడి మోత ఉండనే ఉన్నాయి. కిలోకు ఎక్కువ ఖర్చు పడేది ఈ మొదటి కొద్ది మైళ్లలోనే. రాజమండ్రి నుంచి చింతపల్లి, పాడేరు, అరకు మీదుగా విజయనగరం చేరే 516-ఇ జాతీయ రహదారి లారీకి మేలు చేస్తుంది గాని, కాలిబాట ఖర్చును తగ్గించలేదు.

తేమ లెక్క

ఇప్పుడు సరకు సంగతి. లెక్క కోసం శుభ్రమైన గింజ విశాఖలో కిలో 400 రూపాయలు అనుకుందాం. పదిశాతం తేమకు ఆరిన పార్చిమెంటు 100 కిలోలు ఆడిస్తే సుమారు 80 కిలోల గింజ వస్తుంది, అనగా 32,000 రూపాయలు. అదే పార్చిమెంటు 16 శాతం తేమతో సంతకు వచ్చిందనుకోండి. పూర్తిగా ఆరితే మిగిలేది 93 కిలోల పైచిలుకు. గింజ 75 కిలోలకు కొంచెం తక్కువ. విలువ దాదాపు 29,900. అంటే నీటి కింద పోయేది క్వింటాలుకు రెండువేల వంద. కొనేవాడి దగ్గర తేమ మీటరు ఉంటే కోత అక్కడితో ఆగుతుంది. లేకుంటే చేత్తో నలిపి చూసి, భయం కొద్దీ రెట్టింపు కోస్తాడు. బాగా ఆరబెట్టిన రైతు కూడా ఆ కోతకు గురవుతాడు, మరుసటేడు ఆరబెట్టడమే మానుకుంటాడు. సరకు నాణ్యం పడిపోయిందని వాపోయే వర్తకులు ఇందులో తమ పాలు ఎంతో చూసుకోవాలి.

పండుగా అమ్మేవాడి స్థితి ఇంకా నీరసం. ఆరు కిలోల పండుకు కిలో గింజ వస్తుంది కనుక, పై ధర ప్రకారం ఖర్చులు తీయకముందు పండు కిలో 66 రూపాయలు పలకాలి. కోసిన రోజే తొక్క తీయకపోతే పండు పులిసిపోతుంది. సాయంత్రానికి బేరమాడే ఓపిక ఎవరికి ఉంటుంది? పండు కొని ఒకేచోట పల్పింగు చేసే పద్ధతిని సహకార సంఘాలు, స్వచ్ఛంద సంస్థలు తెచ్చాక ఈ బలహీనత కొంత తగ్గింది.

ధర చెప్పేవారు

1996 వరకు దేశంలో కాఫీ అమ్మకం దశలవారీగా సడలుతూ వచ్చిన కాఫీ బోర్డు పూలు కింద నడిచింది. తరువాత ఎవరికి ఇష్టమైనవారికి వారు అమ్ముకోవచ్చు. స్వేచ్ఛతోపాటు న్యూయార్కు ఒడిదుడుకులూ నేరుగా సంతకు దిగాయి. 1975 బ్రెజిల్ మంచు దెబ్బ 1977లో రికార్డు ధరకు దారి తీసింది. 2024 చివర మళ్లీ బ్రెజిల్ అనావృష్టితోనే ఆ రికార్డు చెరిగింది. 2025 ఫిబ్రవరిలో పౌను 400 సెంట్లు దాటింది, అంటే కిలో 8 డాలర్ల 80 సెంట్ల పైమాటే. ఈ మధ్యలో 1989లో అంతర్జాతీయ కోటాలు కూలినప్పుడు ధర పాతాళానికి పోయిన సంగతీ పాత వర్తకులకు తెలుసు.

ఏజెన్సీలో ఈ ఒడిదుడుకులకు అడ్డుపడేది 1956లో నెలకొన్న గిరిజన సహకార కార్పొరేషన్. చింతపండు వంటి అటవీ ఫలసాయంలో 1979 రెగ్యులేషన్ దానికి కొనుగోలు గుత్తాధికారం ఇచ్చింది. సేకరించినవారికే అమ్ముకొనే హక్కున్నదని 2006 అటవీ హక్కుల చట్టం చెప్పింది. కాఫీ, మిరియాలు తోట పంటలు గనుక ప్రైవేటు వర్తకులు పోటీకి రావచ్చు. సీజను ముందు కార్పొరేషన్ ధర ప్రకటిస్తే బయటి వర్తకుడు దాని మీద కొంత వేసి కొంటాడు. ఆలస్యమైతే ముందే బాకీ ఇచ్చిన షావుకారు ధరకే సరకు పోతుంది. ప్రకటించిన అంకె ఎంత అన్నదానితో పాటు, ఏ తేదీన ప్రకటించారన్నదీ రైతుకు డబ్బే.

కొండ తోటలకు వేరే గండాలూ ఉన్నాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లను పడగొట్టింది. అవి పోతే కింద కాఫీకే గాక, వాటికి పాకిన మిరియపు తీగకూ చేటు. 2025 ఆగస్టులో అరకు ప్రాంతంలో కాయతొలుచు పురుగు కనిపించింది. సరిగా ఆరిన గింజలో ఆ పురుగు వృద్ధి కాదు. కనుక తేమ మీటరు ఇప్పుడు తూకంతో పాటు గిడ్డంగిని కాపాడే సాధనం కూడా.

2019లో అరకు అరబికాకు భౌగోళిక గుర్తింపు లభించింది గనుక పేరుకు కొరత లేదు. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు కాఫీ దిగుతుంది, వెనువెంటనే మిరియాలు, పసుపు. ఉప్పు, ఉల్లి, బియ్యం వేసుకొని కొండెక్కిన లారీ ఖాళీగా దిగితే కిరాయి రెండు వైపులదీ ఎక్కించిన సరకు మీదే పడుతుంది. మూడు సరకులూ కలిపి కొనే వర్తకుడికి తిరుగు లారీ నిండుతుంది, కిలోకు పడే ఖర్చు తగ్గుతుంది. సంతలో ఆ మేరకు అతడు పైధర పాడగలడు.