మరువబడని పిచ్చుక

పఠనభాగములు: కీర్తన 104:10–24; లూకా 12:6, 7; ద్వితీయోపదేశకాండము 22:6, 7.

రేవులో ఓడల కూతలతోను, ఉక్కు కర్మాగారమునకు పోవు బండ్ల సందడితోను మన పట్టణము మేల్కొనును. అయితే వాటికంటె ముందుగా లేచి పాడువారు కలరు. కోకిల, పిగిలిపిట్ట, గోరువంక మన పెరటి చెట్లలో ఉదయకాల స్తుతిని ఆరంభించుచున్నవి. కొమ్మల నడుమ పక్షుల స్వరమును విన్న కీర్తనకారుడు, లెబానోను దేవదారులను నాటిన దేవుని స్మరించి ఆయనను స్తుతించెను. మనము ఆ స్వరమును వినుచున్నామా? ఈ మాసము దీనిని ధ్యానింతము.

1. ప్రేమ గుర్తుపట్టును

18వ శతాబ్దమున ఇంగ్లాండు దేశమందు సెల్బోర్న్ అను పల్లెలో గిల్బర్ట్ వైట్ అను పాదిరిగారుండిరి. ఆయన తన యూరి అడవిని, పిట్టలను ఏండ్ల తరబడి కనిపెట్టి, చూచినదానిని స్నేహితులకు జాబులుగా వ్రాసెను. ఆ జాబులు 1789లో పుస్తకముగా వెలువడినవి. ఒకే పోలికగల మూడు చిన్న పిట్టలు మూడు వేర్వేరు జాతులని ఆయన గ్రహించెను. అందుకు ఆయనకు సాయపడినది ముఖ్యముగా వాటి పాటయే.

అట్టి స్నేహము మన ప్రాంతమందును కలదు. విశాఖపట్నపు పక్షిశాస్త్రజ్ఞులు కె. యస్. ఆర్. కృష్ణరాజుగారును ట్రెవర్ ప్రైస్‌గారును కలిసి, తూర్పు కనుమలలోని చెట్టుపిచ్చుకను గూర్చి 1973లో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘపు పత్రికలో వ్రాసిరి. మన యిండ్ల పిచ్చుకకును దీనికిని భేదమేమి? దీని తెల్లని చెక్కిలిమీద ఒక నల్లని మచ్చ యుండును. అంత చిన్న మచ్చను చూడవలెనన్న ఓపికతో నిలువవలెను. చూచినవాడు దానిని తన యొద్దనే దాచుకొనక పొరుగువానికి చెప్పవలెను. ఏదెను తోటలో ఆదామునకు అప్పగింపబడిన పని ఇట్టిదే గదా! ప్రతి జీవిని చూచి దానికి పేరు పెట్టుట (ఆదికాండము 2:19).

2. దేవుడు మరువడు

మత్తయి సువార్తలో కాసుకు రెండు పిచ్చుకలు. లూకా సువార్తలో రెండు కాసులకు అయిదు. లెక్క ప్రకారము నాలుగే రావలెను, అయిదవది కొసరు! సంతలో వెలలేని ఆ కొసరు పిచ్చుకను సహితము దేవుడు మరువడని ప్రభువు సెలవిచ్చెను. భయపడుచున్న శిష్యులను ధైర్యపరచుటకే ఆయన ఈ మాట చెప్పెను. ఉద్యోగము పోయినవారు, పలుకరించువారులేని వృద్ధులు, తాము లోకమునకు కొసరువంటివారమని తలంచువారు మన సంఘములోను కలరు. వారు ఈ వాక్యమును గట్టిగా పట్టుకొందురు గాక.

3. గూటిని కాపాడవలెను

గూటిలోని పిల్లలతో కూడ తల్లిపక్షిని పట్టుకొనకూడదని ధర్మశాస్త్రము ఆజ్ఞాపించుచున్నది. ఈ చిన్న ఆజ్ఞకు చేర్చబడిన వాగ్దానమును గమనించుడి: మేలును, దీర్ఘాయువును. తలిదండ్రులను సన్మానించువారికి ఇయ్యబడిన వాగ్దానము కూడ అదియే (ద్వితీయోపదేశకాండము 5:16). కాబట్టి పిట్టగూడు దేవుని దృష్టిలో అల్పవిషయము కాదు.

2014 అక్టోబరు 12, ఆదివారమున వచ్చిన తుఫానును మనము మరువగలమా? దాని పేరు హుద్‌హుద్. అరబ్బీ భాషలో అది కుకుడుగువ్వ పేరు. పక్షి పేరు పెట్టుకొని వచ్చిన ఆ గాలి పక్షుల చెట్లనే కూల్చివేసెను. వీధులలోను, కొండలమీదను లెక్కలేనన్ని వృక్షములు పడిపోయినవి. నీడలేని వీధులను చూచిన దినమున, చెట్టు మనకేమి చేయుచుండెనో మనకు తెలిసినది.

గాలిని ఆపుట మనవలన కాదు. గొడ్డలిని ఆపుట మనవలన అగును. పట్టణమునకు ఆనుకొని కంబాలకొండ అభయారణ్యము సుమారు 70 చదరపు కిలోమీటర్ల మేర ఇంకను నిలిచియున్నది. ఇండ్లును రోడ్లును దాని అంచువరకు వచ్చియున్నవి. పట్టణమును ముట్టడించు దినములలో సహితము ఫలవృక్షములను నరుకవద్దని దేవుడు ఇశ్రాయేలీయులకు ఆజ్ఞాపించెను (ద్వితీయోపదేశకాండము 20:19). సమాధానకాలములో, వాహనములు నిలుపుకొనుటకు చోటు చాలదని, గుడి ఆవరణలోని ముసలి చెట్టును కొట్టవలెనని మనమే తీర్మానించినయెడల ఏమి జవాబు చెప్పుదుము? పిచ్చుకకు దేవుని బలిపీఠమునొద్ద చోటు దొరికెనని 84వ కీర్తనలో చదువుచున్నాము. మన మందిరమునొద్ద దానికి చోటున్నదా?

ఆలోచింపవలసిన ప్రశ్నలు

1. మీ యింటి చుట్టు వినబడు పక్షులలో ఎన్నింటిని స్వరమునుబట్టి గుర్తుపట్టగలరు? ఈ వారము ఒకదానిని నేర్చుకొని ఆదివారపు బడి పిల్లలకు చెప్పుడి.
2. మన సంఘములో కొసరుగా ఎంచబడుచున్నవారెవరు? వారిని పేరుపెట్టి పిలిచి ఎంతకాలమైనది?
3. గుడి ఆవరణలో ఒక చెట్టు కొట్టవలసివచ్చినప్పుడు సంఘ పెద్దలు మొదట ఏమి విచారింపవలెను?

ప్రార్థన

పిచ్చుకను మరువని తండ్రీ, నీవు చేసినవాటిని చూచు కన్నులను, వినుచెవులను మాకు దయచేయుము. నీవు నాటిన చెట్లను మా చేతులనుండి కాపాడుము. ప్రభువైన యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.