వెన్, వైల్, యాజ్ : ఒక్క మాటతో వచ్చిన చిక్కు



ఈసారి ఇంగ్లీషు పాఠం రాసే వంతు నాది. ఇంగ్లీషు వాక్యాలు కూడా తెలుగు అక్షరాల్లోనే రాశాను. ఆరో తరగతి తమ్ముళ్ళు కూడా గోడ దగ్గర నిలబడి గట్టిగా చదువుకోవాలని.

ముందు నా తప్పు చెప్తాను. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన పడింది. సముద్రం సుమారు 5 మీటర్ల ఎత్తున లేచి ఊళ్ళ మీదికి వచ్చింది. దాదాపు 10,000 మంది చనిపోయారని లెక్క. అప్పటికి మా అమ్మమ్మకు పన్నెండేళ్ళు. నాగాయలంక దగ్గర చేపలు, పీతలు పట్టుకుని బతికే యానాదుల గూడెం వాళ్ళది. ఆమె ఎప్పుడు చెప్పినా ఇదే మాట చెబుతుంది: "నేను తుమ్మచెట్టు ఎక్కుతుండగా తమ్ముడి చెయ్యి జారిపోయిందిరా."

దీన్ని నేను క్లాసులో ఇలా రాశాను: వెన్ షీ క్లైంబ్డ్ ది ట్రీ, షీ లాస్ట్ హర్ బ్రదర్. సారు పైకి చదివించారు. నా పక్కవాడు అడిగాడు, "మీ అమ్మమ్మ ఎక్కేశాక పోయాడా తమ్ముడు? మరి చెయ్యిచ్చి పైకి లాగలేదేం?" నాకు నోట మాట రాలేదు. వాడి తప్పేం లేదు. నా వాక్యం అలాగే చెబుతోంది.

ఎందుకంటే వెన్ తర్వాత "క్లైంబ్డ్" అని పెడితే, ఎక్కడం అయిపోయాక రెండోది జరిగినట్టు అర్థం వస్తుంది. "వెన్ ది ట్రైన్ రీచ్డ్ గుడివాడ, వి గాట్ డౌన్" అంటే బందరు బండి ఆగాకే దిగామని. ఒక పని ఇంకా సాగుతూ ఉంటే, మధ్యలో ఇంకోటి జరిగితే, సాగే పనికి వైల్ పెట్టాలి: వైల్ షీ వాజ్ క్లైంబింగ్ ది ట్రీ, హర్ బ్రదర్స్ హ్యాండ్ స్లిప్డ్ అవే. ఇప్పుడు ఆమె ఇంకా చెట్టు సగంలోనే ఉంది. ఇక్కడ వెన్ కూడా వాడవచ్చు, కానీ "వాజ్ క్లైంబింగ్" మాత్రం ఉండాలి. తిప్పి రాస్తే, హఠాత్తుగా వచ్చిన దానికి వెన్: షీ వాజ్ క్లైంబింగ్ వెన్ ది వేవ్ కేమ్.

రెండూ సాగే పనులైనా వైల్ సరిపోతుంది. వంటమ్మ పప్పు ఎనుపుతుంటే మనం పళ్ళేలు కడగడం అలాంటిదే.

యాజ్ సంగతి వేరు. ఒకటి పెరిగే కొద్దీ ఇంకోటి పెరిగితే అది యాజ్. "నీళ్ళు పెరిగే కొద్దీ పైకెక్కింది" అనడానికి యాజ్ ది వాటర్ రోజ్, షీ క్లైంబ్డ్ హయ్యర్. మన "కొద్దీ"కి ఇంతకంటే దగ్గరి మాట నాకు దొరకలేదు. అయితే యాజ్‌కి "కాబట్టి" అనే అర్థం కూడా ఉంది, చూసుకుని వాడాలి.

డ్యూరింగ్ తర్వాత పేరు మాత్రమే వస్తుంది. డ్యూరింగ్ ది సైక్లోన్ అనాలి. "డ్యూరింగ్ ది సైక్లోన్ వాజ్ కమింగ్" అనకూడదు.

ఇంకొకటి, నవ్వకండి. "వైల్ కమింగ్ టు స్కూల్, ఎ డాగ్ బిట్ మీ" అని సెలవు చీటీ రాస్తే, బడికి వస్తున్నది కుక్క అవుతుంది! తెలుగులో "బడికి వస్తూ కుక్క కరిచింది" అన్నా అంతే కదా. "నేను వస్తుండగా" అంటాం. ఇంగ్లీషులోనూ "వైల్ ఐ వాజ్ కమింగ్" అని, ఆ ఐ పెట్టాలి.

మనం చేసే పొరపాటల్లా "అప్పుడు" అని వినబడగానే వెన్ పెట్టేయడం. ముందు మాట తోక చూడండి: ఎక్కినప్పుడా, ఎక్కుతుండగానా, ఎక్కే కొద్దీనా? ఇంట్లో లంబాడీ, ఎరుకల భాష మాట్లాడేవాళ్ళు ముందు తమ భాషలో అనుకుని చూడండి.

ఈ మూడూ ఇంగ్లీషులో రాయండి:
1. చీకటి పడే కొద్దీ గాలి పెరిగింది.
2. మేం అన్నం తింటుండగా కరెంటు పోయింది.
3. నీళ్ళు తీశాక అమ్మమ్మ చెట్టు దిగింది.

జవాబులు శనివారం లోగా నాకివ్వండి. సరైనవి వచ్చే సంచికలో అతికిస్తాను. మూడోది తేలిక అనుకోకండి, అందులో "అప్పుడు" అనే మాటే లేదు.