ముక్కు దిబ్బడకు గోలీ అడిగితే



భివండి పద్మానగర్‌ మందుల షాపులో ట్రైనింగ్‌ మొదలైందని, వానలు పడ్డప్పటి నుంచి జలుబు గోలీలకే జనం ఎక్కువ వస్తున్నారని మీ అమ్మ చెప్పింది. ఏ గోలీ మంచిదో రాయమన్నావట. గోలీ సంగతి తర్వాత, ముందు అడిగే మనిషిని చూడు.

కరీంనగర్‌, నల్గొండ, వరంగల్‌ వైపు నుంచి వలస వచ్చి భివండిలో సాంచాల (మరమగ్గాల) మీద బతుకుతున్న మన పద్మశాలీలు, యూపీ, బిహార్‌ కార్మికులు నీ దగ్గరికి వస్తారు. షిఫ్టంటే పన్నెండు గంటలు. "సర్దయింది, ముక్కు బందైంది, గోలీ ఇయ్యి బిడ్డా" అంటాడొకాయన. సాయంత్రం పూట చేతిలో టిఫిన్‌ డబ్బా ఉందంటే రాత్రి షిఫ్టుకు పోతున్నట్టే.

ఇప్పుడు జలుబు గోలీ అట్ట తిప్పి చదువు. చాలావాటిలో ఒళ్లునొప్పులకు పారాసిటమాల్‌, కారే ముక్కుకు క్లోర్‌ఫెనిరమైన్‌, దిబ్బడకు ఫినైలెఫ్రిన్‌ కలిసి ఉంటాయి. క్లోర్‌ఫెనిరమైన్‌ నిద్ర తెస్తుంది. నాలుగైదు సాంచాల మధ్య తిరుగుతూ తెగిన పోగు అతికే మనిషికి తిరిగే పట్టా పక్కన కునుకు పడితే చేయే పోవచ్చు. షిఫ్టు దిగి పడుకునే ముందే వేసుకోమను. పారాసిటమాల్‌ విడిగా కూడా మింగుతున్నాడేమో అడుగు. అన్నీ కలిపి రోజుకు 4 గ్రాములు దాటకూడదు. తాగే అలవాటుంటే అంతకన్నా తక్కువే.

ఇక దిబ్బడ కోసం కలిపిన ఫినైలెఫ్రిన్‌ నోటితో మింగితే ముక్కుకు చేరేలోపే పేగులో, కాలేయంలో చాలావరకు విరిగిపోతుంది. 2023 సెప్టెంబరులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ సలహా సంఘంలో 16 మంది సభ్యులూ మింగే ఫినైలెఫ్రిన్‌ దిబ్బడకు పనిచేయదని ఒక్క మాటగా తేల్చారు. 2024 నవంబరులో దాన్ని డాక్టరు చీటీ లేకుండా అమ్మే దిబ్బడ మందుల జాబితా నుంచి తీసేయాలని ఎఫ్‌డీఏ ప్రతిపాదించింది. మన దేశంలో 2023 డిసెంబరులో క్లోర్‌ఫెనిరమైన్‌, ఫినైలెఫ్రిన్‌ కలిపిన మందును నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడొద్దని ఔషధ నియంత్రణ అధికారులు చెప్పారు. పసిబిడ్డను చంకనేసుకుని సిరప్‌ అడిగే తల్లికి నువ్వు కచ్చితంగా కాదనాలి. ఉప్పునీటి చుక్కలివ్వు, డాక్టరుకు చూపించమను.

పెద్దవాళ్లకు దిబ్బడ నిజంగా తీసేవి జైలోమెటజోలిన్‌, ఆక్సీమెటజోలిన్‌ చుక్కలు. ముక్కులో ఉబ్బిన రక్తనాళాలను కుదించి నిమిషాల్లోనే దారి తెరుస్తాయి. చిక్కూ అక్కడే. నేను షాపులో ఉన్నప్పుడు ఒకాయన చొక్కా జేబులోంచి సీసా తీస్తే, మూతి చుట్టూ పత్తి పీచు అంటుకుని ఉంది. నెలల తరబడి వాడుతున్నాడు, రూములో మిగతావాళ్లూ అదే వేసుకుంటున్నారు. అలా వాడితే మందు దిగగానే ముక్కు ఇంకా గట్టిగా మూసుకుంటుంది, మళ్లీ చుక్క వేయక తప్పదు. అందుకే మూడు రోజులు, మరీ అయితే ఐదు. ఒక మనిషికి ఒక సీసా. సీసా మీద తేదీ నీ చేత్తో రాసివ్వు.

బీపీ, గుండెజబ్బు, కంటిలో ఒత్తిడి, థైరాయిడ్‌, ప్రోస్టేట్‌ ఇబ్బంది, గర్భం ఉన్నవాళ్లకు దిబ్బడ మందేదీ డాక్టరును అడగకుండా ఇవ్వొద్దు. ఆవిరి హాయినిస్తుంది గానీ, ఇరుకు గదిలో పిల్లల మధ్య మరిగే గిన్నె పెట్టొద్దని చెప్పు. యాంటీబయోటిక్‌ అడుగుతారు. జలుబు వైరస్‌తో వస్తుంది, దానికి అది పనికిరాదు.

జలుబు వారం పది రోజుల్లో పోతుంది. నెలలుగా తుమ్ములు, కార్ఖానాలో అడుగుపెడితే ఎక్కువ, ఊరికి పోతే తక్కువ అంటే అది దుమ్ము పని. సెలవు తర్వాత పనిలోకి దిగిన మొదటి రోజే ఛాతీ పట్టేస్తుందంటే పత్తి ధూళితో వచ్చే బిసినోసిస్‌ కావచ్చు. రెండు వారాలు దాటిన దగ్గుకు కఫం పరీక్ష కావాలి. వీళ్లకు గోలీ అమ్మకు. ఇందిరా గాంధీ మెమోరియల్‌ ఆసుపత్రి ఉంది, పంపు. పనిలో ముక్కుకు గుడ్డ కట్టుకోమను.

షాపు ముందు ఎంత రద్దీ ఉన్నా సరే బిడ్డా, షిఫ్టు ఎప్పుడు, బీపీ ఉందా, ఎన్ని రోజులైంది అని అడగకుండా అట్ట చేతికివ్వకు.

నీ మేనమామ