ముందే తయారైన ఇంటికి అనుమతి ఎలా?

మరమగ్గాల పనికోసం తెలంగాణ నుంచి ఎన్నో చేనేత కుటుంబాలు సూరత్ చేరాయి. ఇలా వలసలతో పెరిగే నగరానికి ఇళ్లు త్వరగా కావాలి. గోడలు, స్లాబులను ఫ్యాక్టరీలో పోతపోసి, స్థలంలో క్రేన్‌తో నిలబెట్టి కలిపే ప్రీకాస్ట్ పద్ధతి అందుకు ఒక మార్గం. చెన్నైలోని పెరుంబాక్కంలో లైట్ హౌస్ ప్రాజెక్టు కింద 1,152 ఇళ్లను ఇలాగే కట్టి, 2022 మే నెలలో ప్రారంభించారు.

సమయం ఎలా ఆదా అవుతుంది?

మామూలు కట్టడంలో పునాది పూర్తయ్యాకే గోడలు లేస్తాయి. ప్రీకాస్ట్ పద్ధతిలో పునాది పని సాగుతుండగానే గోడలూ తయారవుతాయి. అయితే ప్లాను ఆమోదం ఆలస్యమైతే ఈ లాభం పోతుంది. పోత పూర్తయ్యాక కిటికీ స్థానం మార్చమంటే ఆ పలకే వృథా.

తనిఖీ ఎక్కడ జరగాలి?

సూరత్‌కు వర్తించే గుజరాత్ సమగ్ర అభివృద్ధి నియంత్రణ నిబంధనలు-2017 ప్రకారం పునాది మట్టం, మొదటి అంతస్తు, చివరి అంతస్తు వంటి దశల్లో పని పురోగతిని ధ్రువీకరించాలి. స్థలంలోనే లేచే కట్టడానికి ఇది సరిపోతుంది. ప్రీకాస్ట్ గోడలోని ఇనుప చువ్వలు మాత్రం ఫ్యాక్టరీలోనే కాంక్రీటులో దాగిపోతాయి. కాబట్టి వాటిని పోతకు ముందే, అక్కడే పరీక్షించాలి.

స్థలంలో ప్రధానంగా చూడాల్సినవి అతుకులు. 1968 మే 16న లండన్‌లోని 22 అంతస్తుల రోనన్ పాయింట్ భవనంలో, 18వ అంతస్తులో గ్యాస్ పేలింది. ఒక గోడ పలక ఊడిపోవడంతో భవనం మూల మొత్తం కూలింది, నలుగురు మరణించారు. పలకలను గట్టిగా కట్టి ఉంచే అతుకులు లేకపోవడమే ఇంత నష్టానికి ముఖ్య కారణం. భూకంపాలు ఎరిగిన గుజరాత్‌కు ఈ పాఠం మరింత అవసరం.

వేగం, భద్రత రెండూ

అనుమతిని రెండు భాగాలు చేయవచ్చు. ఒకే నమూనాను పదేపదే వాడుతున్నప్పుడు దాని డిజైన్‌ను ఒక్కసారి క్షుణ్ణంగా పరీక్షించి ఆమోదించాలి. కొత్త నిర్మాణ పద్ధతులకు బీఎంటీపీసీ ఇచ్చే పనితీరు ధ్రువపత్రం, జాతీయ భవన నియమావళి-2016 ఇందుకు ఆధారమవుతాయి. ఆపై ప్రతి స్థలంలో నేల స్వభావం, పునాది, ఎత్తు, ఫైరింజన్‌కు దారి చూస్తే చాలు.

గడువు కూడా ముఖ్యమే. తెలంగాణ 2020లో తెచ్చిన టీఎస్ బీపాస్ చట్టం చిన్న ఇళ్లకు స్వీయ ధ్రువీకరణతో తక్షణ అనుమతిని, పెద్ద భవనాలకు 21 రోజుల గడువును ఏర్పరిచింది. అయితే గడువు ఫైలును కదిలిస్తుందే తప్ప అతుకును పరీక్షించదు. తగ్గించాల్సింది ఒకే డిజైన్‌ను మళ్లీ మళ్లీ చూడటాన్ని. ఫ్యాక్టరీలో, అతుకుల దగ్గర జరిగే తనిఖీని కాదు.